కూలి ఎక్కడ ఆగిందో చెప్పేదెవరు?

కొయ్యూరు పేరు వినగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చే తేదీ 1924 మే 7. అల్లూరి సీతారామరాజును బ్రిటిష్ పాలకులు అక్కడ కాల్చి చంపిన రోజు అది. ఆ పోరాటానికి దారితీసిన కారణాల్లో అటవీ ఆంక్షలు, పోడు నిషేధంతో పాటు కూలి గొడవ కూడా ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లను తోలుకొచ్చి, న్యాయమైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్నాడు. కూలి ఎగ్గొట్టింది ఎవరో మన్యంలో అందరికీ తెలుసు. అర్జీ పెట్టుకోవాలన్నా, తిరగబడాలన్నా ఎదురుగా ఒక మనిషి, ఒక కచేరీ ఉండేవి.

వందేళ్లు గడిచాయి. ఇప్పుడు కొయ్యూరు మండలంలోని మంప దగ్గరో, రాజేంద్రపాలెం దగ్గరో ఉపాధి హామీ పనికి వెళ్లిన మహిళకు డబ్బు పడకపోతే అది ఎవరి దగ్గర ఆగిందో ఆమెకు తెలియదు. ఫీల్డ్ అసిస్టెంటును అడిగితే హాజరు పట్టీ (మస్టర్) అప్‌లోడ్ చేశానంటాడు. మండల పరిషత్తు కార్యాలయంలో అడిగితే తమ వైపు నుంచి వెళ్లిపోయిందంటారు. బ్యాంకులో అడిగితే తమకేమీ రాలేదంటారు. గ్రామ సచివాలయంలో అడిగితే ఎన్‌పీసీఐ లింకు చేయించుకోమంటారు. నలుగురూ చెప్పేది నిజమే. ఎవరి తెర మీద వారి పని పూర్తయినట్టే కనిపిస్తుంది. ఆమె డబ్బు మాత్రం ఆ తెరల మధ్య ఎక్కడో ఉండిపోయింది.

వేర్వేరు సంస్థలు నడిపే సాఫ్ట్‌వేర్లను ఒకదానితో ఒకటి మాట్లాడించడం ఐటీ కంపెనీలకు పాత సమస్యే. కొనుగోలుదారు కంప్యూటరు పంపిన ఆర్డరును సరఫరాదారు కంప్యూటరు అర్థం చేసుకోవాలి, రవాణా సంస్థది దాన్ని అందుకోవాలి, బ్యాంకుది డబ్బు చెల్లించాలి. దీని మీద వేల కోట్ల వ్యాపారం నడుస్తోంది. అయితే దేశంలో ఇలాంటి అనుసంధానాల్లో అతి పెద్దవాటిలో ఒకటి ఏ కార్పొరేట్ కార్యాలయంలోనూ లేదు. అది ఉపాధి హామీ కూలి చెల్లింపు. అందుకే ఈ విషయాన్ని కొయ్యూరు నుంచే చూడాలి.

కూలి ప్రయాణం ఎలా సాగుతుందో చూడండి. మేట్ పని ప్రదేశంలో కూలీల ఫొటో తీసి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో హాజరు వేయాలి. రోజుకు రెండు పూటలా ఇలా వేయడం 2023 జనవరి 1 నుంచి అన్ని పనులకూ తప్పనిసరి అయింది. వారం ముగిశాక టెక్నికల్ అసిస్టెంట్ కొలతలు తీయాలి. కొలతలు, మస్టరు కలిస్తే మండలంలో వేతన జాబితా తయారవుతుంది. దాని మీద నిధుల బదిలీ ఉత్తర్వు పుడుతుంది. ఎఫ్‌టీవో అనేది దాన్నే. ఇద్దరు అధికారులు డిజిటల్ సంతకాలు చేశాక అది గ్రామీణాభివృద్ధి శాఖ నరేగాసాఫ్ట్ నుంచి ఆర్థిక శాఖ నడిపే చెల్లింపుల వేదిక పీఎఫ్‌ఎంఎస్‌కు వెళుతుంది. అక్కడి నుంచి ఒక బ్యాంకు, దాని నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ (ఎన్‌పీసీఐ), అక్కడి నుంచి కూలీ ఖాతా ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు. చివరన వేలిముద్ర తీసుకుని నోట్లు చేతిలో పెట్టే సీఎస్పీ పాయింటు. పంచాయతీ, మండలం, రాష్ట్రం, కేంద్రంలో రెండు మంత్రిత్వ శాఖలు, ఆధార్ సంస్థ, చెల్లింపుల సంస్థ, బ్యాంకు, బ్యాంకు ఏజెంటు. ఒక వారం కూలి ఇన్ని చేతులు మారుతుంది. వీటిలో చాలావరకు ఒకే యజమాని కింద పనిచేసేవి కావు.

2024 జనవరి 1 నుంచి ఈ చెల్లింపులు ఆధార్ ఆధారంగానే జరగాలని కేంద్రం తప్పనిసరి చేసింది. ఈ పద్ధతిలో ఖాతా నంబరుతో పని లేదు, ఆధార్ నంబరే చిరునామా. ఏ ఆధార్ ఏ బ్యాంకుకు చెందిందో చెప్పే పట్టిక ఎన్‌పీసీఐ దగ్గర ఉంటుంది. జనం ఎన్‌పీసీఐ లింకు అనేది దీన్నే. ఆ పట్టికలో ఉండేది బ్యాంకు పేరే, ఖాతా నంబరు ఉండదు. కూలీకి రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలుంటే ఆఖరున ఎక్కడ లింకు అయిందో అక్కడికే డబ్బు వెళుతుంది. కాబట్టి కూలి పడాలంటే జాబ్ కార్డులో పేరు, ఆధార్‌లో పేరు సరిపోవాలి. ఆధార్ చెల్లుబాటులో ఉండాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ జత కావాలి. ఆ సంగతి ఎన్‌పీసీఐ పట్టికకు ఎక్కాలి. నాలుగూ ఒకేసారి నిజం కావాలి. ఏ ఒక్కటి తప్పినా పని చేసిన మనిషి కంప్యూటరు లెక్కలో లేనట్టే.

కాగితం మీద ఇది చిన్న షరతు. కొయ్యూరు మండలంలో ఇది ఎంత పెద్దదో అక్కడి కాగితాలు చూస్తే తెలుస్తుంది. మన్యంలో ఇంటిపేర్లు కొద్దే. కొర్రా, కిల్లో, వంతల, పాంగి వంటి ఇంటిపేరు ఊరంతటికీ ఒకటే ఉండొచ్చు, సొంత పేర్లూ మళ్లీ మళ్లీ వస్తాయి. జాబ్ కార్డు రాసినవాడు ఒక స్పెల్లింగు రాశాడు, ఆధార్ శిబిరంలో కూర్చున్న కుర్రాడు చెవికి వినిపించినట్టు మరొకటి కొట్టాడు, బ్యాంకులో మూడోది పడింది. పుట్టిన తేదీ తెలియని వాళ్లందరికీ జనవరి 1 వేసిన కార్డులు ఎన్నో. తెలుగులో రాస్తే తేడా కనిపించని పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లేసరికి వేర్వేరు మనుషులైపోతాయి. దీనికి కూలీని బాధ్యురాలిని చేయడం అన్యాయం. ఆ మూడు పేర్లలో ఒక్కటి కూడా ఆమె రాసింది కాదు.

అసలు చిక్కు తప్పు దొర్లడంలో లేదు. కోట్ల చెల్లింపులు సాగే చోట తప్పులు ఉంటాయి. ఆ తప్పు ఎవరికి తెలుస్తుంది, ఎవరు దిద్దాలి, ఎన్ని రోజుల్లో దిద్దాలి అన్నదే ప్రశ్న. బ్యాంకు ఒక చెల్లింపును వెనక్కి పంపితే దాంతో పాటు ఒక కారణం వస్తుంది: ఖాతా మూతపడింది, ఆధార్ పట్టికలో లేదు, ఆధార్ పనిచేయడం లేదు, కేవైసీ పూర్తి కాలేదు. ఈ మాటలు ఇంగ్లీషులో, సంక్షిప్త రూపంలో మండల కార్యాలయం చూసే నివేదికలో చేరతాయి. అక్కడ ఎవరైనా ఆ నివేదిక తెరిచి, కారణం అర్థం చేసుకుని, కూలీని పిలిచి, బ్యాంకుకు పంపి, దిద్దుబాటు అయ్యాక మళ్లీ ఎఫ్‌టీవో తయారుచేస్తేనే డబ్బు కదులుతుంది. ఈ పనుల్లో ఒక్కదానికీ గడువు కూలీకి తెలిసేలా లేదు. ఆమె ఫోనుకు సందేశం రావడం లేదు. ముందుకు వెళ్లే దారిలో ప్రతి మలుపునూ నిర్మించారు, వెనక్కి వచ్చే దారిని మనుషుల ఓపికకు వదిలేశారు.

ఆ ఓపిక ఖరీదు ఎంతో కొయ్యూరు భూగోళమే చెబుతుంది. జిల్లా కేంద్రం పాడేరు. కానీ కొయ్యూరు జనానికి దగ్గరి పట్టణం నర్సీపట్నం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అది అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. లోపలి గూడెం నుంచి కాలినడకన రోడ్డుకు, అక్కడి నుంచి ఆటోలో మండల కేంద్రానికి, పని కాకపోతే బస్సులో నర్సీపట్నానికి. వెళ్లిన రోజు సర్వర్ పనిచేయకపోతే మరో రోజు. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు రూ.307. లింకు కోసం తిరిగిన ప్రతి రోజూ అంత కూలి పోయినట్టే, పైగా చార్జీలు. వ్యవస్థలు తమలో తాము మాట్లాడుకోవాల్సిన మాటను కూలీ తన కాళ్లతో ఒక కౌంటరు నుంచి మరో కౌంటరుకు మోస్తోంది.

వెనక్కి వచ్చే దారికి గడువు పెట్టడం సాంకేతికంగా సాధ్యం కాని పని అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇదే ఎన్‌పీసీఐ 2016లో యూపీఐని తెచ్చింది. అందులోనూ వందల బ్యాంకులు, వేర్వేరు సాఫ్ట్‌వేర్లు, పోటీ పడే యాప్‌లు ఉన్నాయి. చెల్లింపు మధ్యలో తెగిపోతే ఏం జరగాలో రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్‌లో స్పష్టంగా రాసింది. మన ఖాతాలో డబ్బు తగ్గి అవతలివాళ్లకు చేరకపోతే మరుసటి రోజు లోపు దానంతట అదే వెనక్కి రావాలి. రాకపోతే ఆ పైన రోజుకు రూ.100 పరిహారం బ్యాంకు చెల్లించాలి. కస్టమరు ఫిర్యాదు చేసే దాకా ఆగకుండానే ఇవ్వాలి. నర్సీపట్నం టీ కొట్టులో పది రూపాయలు తెగిపోయినా ఇదే పరిహారం వర్తిస్తుంది, దుకాణాల చెల్లింపులకు గడువు మాత్రం అయిదు రోజులు. ఉపాధి కూలి వెళ్లే ఆధార్ చెల్లింపుల వంతెనకు కూడా అదే సర్క్యులర్‌లో ఒక గడి ఉంది. లబ్ధిదారు ఖాతాలో వేయలేని డబ్బును బ్యాంకు మరుసటి రోజుకల్లా తిప్పి పంపాలి, లేకపోతే రోజుకు రూ.100. అయితే అది బ్యాంకు గుమ్మం వరకే. తిరిగొచ్చిన డబ్బును కూలీకి మళ్లీ చేర్చాల్సిన ప్రభుత్వ వ్యవస్థలకు అలాంటి గడియారం లేదు.

ఉపాధి హామీలో ఆలస్యానికి పరిహారం లేదని కాదు. మస్టరు మూసిన పదహారో రోజు నుంచి బకాయి మీద రోజుకు 0.05 శాతం ఇవ్వాలి. లెక్క వేసి చూడండి. ఆరు రోజుల కూలి రూ.1,842. దాని మీద రోజుకు పరిహారం 92 పైసలు. టీ కొట్టులో తెగిపోయిన పది రూపాయలకు రోజుకు వంద, మన్యంలో ఆగిపోయిన వారం కూలికి రోజుకు తొంభై రెండు పైసలు. ఆ 92 పైసలు కూడా అందరికీ అందలేదు. పరిహారం లెక్క చాలాకాలం ఎఫ్‌టీవో మీద రెండో సంతకం పడగానే ఆగిపోయేది. ఆ తర్వాత డబ్బు ఢిల్లీలో ఎన్నాళ్లున్నా అది ఆలస్యం కింద లెక్కకు వచ్చేది కాదు. స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు 2018 మే 18న దీన్ని తప్పుపట్టింది. పదిహేను రోజుల్లో కూలి పొందడం కూలీ హక్కు అనీ, ఏ అంచెలో ఎవరు ఆలస్యం చేశారన్న గొడవతో ఆమెకు సంబంధం లేదనీ తేల్చింది.

ఈ తీర్పులో వ్యవస్థల అనుసంధానానికి కావాల్సిన సూత్రమంతా ఉంది. లోపల ఎన్ని అంచెలున్నా బయట ఉన్న మనిషికి అది ఒక్కటే సంస్థ. టీ కొట్టు యజమాని విషయంలో దాన్ని పాటించగలిగాం. ఎందుకంటే అతడు ఒక యాప్ నచ్చకపోతే మరో యాప్‌కు వెళ్లిపోగలడు, అతని నమ్మకం పోతే వ్యాపారం పోతుంది. ఉపాధి కూలీకి ఎంచుకునే వీలు లేదు. ఆమె పోయినా నష్టపోయే సంస్థ లేదు. అందువల్ల ఆ గడువును పోటీ తెచ్చిపెట్టదు, ప్రభుత్వమే రాయాలి.

డబ్బు దారి తప్పడం అనే మరో ప్రమాదం కూడా ఉంది. 2017లో ఎయిర్‌టెల్ వ్యవహారంలో దేశం దాన్ని చూసింది. సిమ్ కార్డు ధ్రువీకరణ కోసం వేలిముద్ర ఇచ్చిన వారికి స్పష్టమైన అనుమతి లేకుండా ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచారన్న ఫిర్యాదులు వచ్చాయి. ఆఖరి లింకుకే డబ్బు వెళ్లే పద్ధతి కావడంతో లక్షల మంది గ్యాస్ రాయితీ ఆ ఖాతాల్లోకి చేరింది. ఆ డిసెంబరులో ఆధార్ సంస్థ ఆ కంపెనీకి ఈ-కేవైసీ అనుమతిని నిలిపివేసింది, డబ్బు వెనక్కి ఇప్పించారు. అక్కడ బాధితుల్లో పట్నంవాళ్లు ఉన్నారు, పత్రికలు రాశాయి, కొద్ది నెలల్లో దిద్దుబాటు జరిగింది. సాంకేతికంగా ఒకేలాంటి లోపం ఒక చోట నెలల్లో దిద్దుకుంటుంది, మరో చోట ఏళ్ల తరబడి నలుగుతుంది. తేడా కోడ్‌లో లేదు, గొంతులో ఉంది.

ఈ విషయంలో తెలుగు నేలకు అనుభవం లేదనలేం. 1998లో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ, 2001లో ఈ-సేవ, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ దేశవ్యాప్త ప్రారంభం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పథకానికి టీసీఎస్‌తో సొంత సాఫ్ట్‌వేర్ చేయించుకుంది. ప్రతి పనీ, ప్రతి కూలీ లెక్కా ఎవరైనా చూసేలా బయట పెట్టింది. దాని మీదే సామాజిక తనిఖీ నిలబడింది. ఊళ్లో మస్టరు చదివి వినిపించి, ఈ పని చేశావా, ఈ డబ్బు అందిందా అని గ్రామసభలో అడిగే పద్ధతిని రాష్ట్రమంతటా ప్రభుత్వమే నడిపిన మొదటి రాష్ట్రం మనదే. బయోమెట్రిక్ స్మార్ట్ కార్డులతో ఊళ్లోనే కూలి ఇచ్చిన ప్రయోగాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ 157 మండలాల్లో అధ్యయనం చేశారు. కూలి త్వరగా అందిందనీ, మధ్యలో కారిపోయేది తగ్గిందనీ వారి ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అదే ముగ్గురు ఆ తర్వాత జార్ఖండ్ రేషన్ మీద చేసిన అధ్యయనంలో ఆధార్ అనుసంధానం కాని అసలైన లబ్ధిదారులు నష్టపోయారని తేలింది. వేలిముద్ర రెండు చోట్లా ఉంది. ఒక చోట దాన్ని డబ్బును ఇంటి దాకా తెచ్చే పనికి వాడారు, మరో చోట పేర్లు వడకట్టే పనికి వాడారు.

తర్వాత రాష్ట్రం తన సాఫ్ట్‌వేర్‌ను వదిలి కేంద్రపు నరేగాసాఫ్ట్‌లోకి మారింది. దేశమంతా ఒకే వ్యవస్థ ఉండటం తప్పు కాదు. కానీ ఒక వ్యవస్థ నుంచి మరో దానికి మారేటప్పుడు అంకెలతో పాటు అలవాట్లూ మారతాయి. స్థానికంగా ఒక లోపం కనిపిస్తే హైదరాబాదులోనో, విజయవాడలోనో చెప్పి సరిచేయించుకునే వెసులుబాటు పోయింది. కొయ్యూరులో ఒక సమస్య తెలిసిన ఉద్యోగికి తన తెర మీద దాన్ని దిద్దే మీట లేదు. మీట ఉన్న ఢిల్లీకి కొయ్యూరు కనిపించదు.

రాష్ట్రం వేరుగా మరో పెద్ద ప్రయత్నం చేసింది. విభజన తర్వాత చేపట్టిన ఈ-ప్రగతి 33 శాఖలను, 300కు పైగా సంస్థలను ఒకే నిర్మాణంలోకి తేవాలనుకుంది. అంచనా వ్యయం రూ.2,398 కోట్లు. ఆలోచన మంచిది, ప్రతి శాఖా విడిగా గోడలు కట్టుకోవడం ప్రజలకు భారమని గుర్తించింది. ఇలాంటి పనిని నిజంగా నడిపిన దేశం ఎస్టోనియా. 2001 నుంచి అక్కడ ఎక్స్-రోడ్ అనే ఏర్పాటు ఉంది. అన్ని శాఖల సమాచారాన్ని ఒకే గాదెలో పోయకుండా ఎవరిది వారి దగ్గరే ఉంచి, అడిగినప్పుడు ఇచ్చిపుచ్చుకునే దారి మాత్రం ఉమ్మడిగా వేశారు. ఆ దారిలో వెళ్లే ప్రతి సందేశం మీద పంపిన సంస్థ సంతకం, సమయం నమోదవుతాయి. తన సమాచారాన్ని ఎవరు చూశారో పౌరుడు తెలుసుకోవచ్చు. మన అనుసంధానాల్లో సమాచారం కలిపే ఉత్సాహం చాలా ఉంది, ఈ సంతకం లేదు. పౌరుడి గురించి ప్రభుత్వానికి అన్నీ కనిపిస్తాయి, ప్రభుత్వం లోపల తన అర్జీ ఎక్కడుందో పౌరుడికి కనిపించదు.

మనకు చేతకాదనుకోవడమూ సరికాదు. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రేషన్ కార్డులు ఒకరివి మరొకరి దగ్గర చెల్లేలా చేశారు. రెండు రాష్ట్రాలు, రెండు పౌరసరఫరాల శాఖలు, అయినా హైదరాబాదులో పనికి వెళ్లిన శ్రీకాకుళం మనిషి అక్కడే బియ్యం తీసుకోగలిగాడు. అది పనిచేయడానికి ఒక కారణం, లావాదేవీ అంతా కూలీ కళ్ల ముందు, ఒకే కౌంటరు దగ్గర ముగిసిపోవడం. పడితే బియ్యం చేతిలో ఉంటాయి, పడకపోతే అప్పుడే తెలుస్తుంది, అక్కడే గొడవ పడవచ్చు. పింఛను కూడా అంతే. రాష్ట్రంలో నెల మొదట్లో సచివాలయ సిబ్బంది ఇంటికి వచ్చి ఇస్తారు. వేలు పడకపోతే కళ్లో, ముఖమో చూసి ఇచ్చే ఏర్పాటు ఉంది. యంత్రం ఆగిన చోట మనిషి బాధ్యత తీసుకునే పద్ధతి కాబట్టి ముసలివాళ్లు దాని మీద నమ్మకం పెట్టుకున్నారు.

ఇక్కడ కాఫీ సంగతి కూడా చెప్పాలి. రేపు మన్యం మీద పడబోయే అనుసంధానం అదే. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన అడవుల నరికివేత నిరోధక నిబంధన ప్రకారం, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టి పండించిన కాఫీని ఆ దేశాల్లో అమ్మకూడదు. ప్రతి సరుకుకూ అది పండిన చేను ఎక్కడుందో చూపాలి. నాలుగు హెక్టార్ల లోపు చేలకు ఒక అక్షాంశ, రేఖాంశ బిందువు చాలు. అమలు రెండు సార్లు వాయిదా పడి పెద్ద కంపెనీలకు 2026 డిసెంబరుకు చేరింది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరుతో 2017లో పారిస్‌లో దుకాణం కూడా తెరుచుకుంది. మన్యంలో కాఫీ రైతుల్లో ఎక్కువమందిది ఒకటి రెండు ఎకరాలే.

ఆ చేను వివరం ఒక్క చోట లేదు. అటవీ హక్కుల పట్టా సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) దగ్గర, రెవెన్యూ భూమి వెబ్‌ల్యాండ్‌లో, తోట నమోదు వాణిజ్య శాఖ కింద ఉన్న కాఫీ బోర్డు దగ్గర, కొనుగోలు లెక్క 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ దగ్గరో, ప్రైవేటు కొనుగోలుదారు దగ్గరో. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతుంది. గింజలు అమ్మేది ఒకరు, డబ్బు పడేది మరొకరి ఖాతాలో. నేలకు పట్టా ఇచ్చిన వ్యవస్థ, గింజ కొన్న వ్యవస్థ, విశాఖ రేవు నుంచి ఎగుమతి చేసిన వ్యవస్థ, ఐరోపా దిగుమతిదారు నివేదిక ఎక్కించే వ్యవస్థ కలిసి ఆ రైతును ఒకే మనిషిగా గుర్తించకపోతే, నీడచెట్ల కింద అడవిని కాపాడుతూ పండించిన కాఫీ రికార్డులేని కాఫీ అవుతుంది. అడవిని నరకనివాడు నరకలేదని రుజువు చేసుకోలేక ధర పోగొట్టుకునే ప్రమాదం ఇది. కూలి విషయంలో చేసిన తప్పే ఇక్కడా చేస్తే, పేరు తేడా వచ్చిన రైతు తిరస్కరణ సందేశం లేకుండానే మార్కెట్ నుంచి జారిపోతాడు. వ్యాపారి మరో రైతు దగ్గర కొనుక్కుంటాడు, అంతే.

కాబట్టి ఇప్పుడే చేయాల్సినవి ఉన్నాయి. రెండు వ్యవస్థలు కలిసే ప్రతి చోటా ఆ కలయికకు ఒక బాధ్యుడిని నియమించాలి. నరేగాసాఫ్ట్ నుంచి పీఎఫ్‌ఎంఎస్‌కు వెళ్లే దారికి ఎవరు, బ్యాంకు నుంచి తిరిగొచ్చిన డబ్బుకు ఎవరు అన్నది హోదాతో సహా సచివాలయం గోడ మీద ఉండాలి. తిరస్కరించిన చెల్లింపు వివరం మూడు రోజుల్లో కూలీకి తెలుగులో, ఏం చేయాలో చెబుతూ చేరాలి. ఫోను లేని ఇళ్లకు వెల్ఫేర్ అసిస్టెంట్ చెప్పాలి. ఇంటికి పింఛను తీసుకెళ్లగలిగిన యంత్రాంగానికి ఈ కబురు తీసుకెళ్లడం కష్టం కాదు. దిద్దుబాటు ఊళ్లోనే జరగాలి. బ్యాంకు ఏజెంటు, ఆధార్ ఆపరేటరు, ఉపాధి సిబ్బంది నెలకొకసారి ఒకే చోట కూర్చుంటే చాలా పేర్లు అక్కడికక్కడే సరిపోతాయి. డౌనూరు, కాకరపాడు వంటి చోట్ల సంత రోజు ఉన్నట్టే ఈ రోజు కూడా ఉండాలి. ఆధార్ దారి మూసుకుపోతే పాత ఖాతా నంబరు దారిలో డబ్బు పంపే వీలు మండల అధికారి చేతిలో ఉండాలి. సాంకేతిక ఇబ్బందులున్న చోట మినహాయింపును సందర్భాన్ని బట్టి పరిశీలిస్తామని 2024 జనవరిలో కేంద్రమే చెప్పింది. సిగ్నలు లేని కొండ మండలాల కన్నా దానికి తగిన చోటు వేరే లేదు.

పరిహారం కూడా మారాలి. రోజుకు 92 పైసలు ఏ అధికారినీ కదిలించదు. రిజర్వు బ్యాంకు బ్యాంకులకు పెట్టిన రూ.100 కూలీకీ వర్తించాలి. అది ఏ వ్యవస్థ వద్ద ఆగిందో ఆ శాఖ బడ్జెట్ నుంచే రావాలి. అప్పుడు ఏ లింకు ఎక్కడ తెగుతోందో ఢిల్లీలోనూ, అమరావతిలోనూ వెంటనే తెలుస్తుంది. బాధ్యత మీద ధర రాసి ఉంటే ఇంజినీర్లు దారి వేస్తారు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. ఏడాదికి వంద రోజుల హామీ నూట ఇరవై అయిదు రోజులకు పెరిగింది, ఖర్చులో రాష్ట్రాల వాటా కూడా పెరిగింది. రోజుల సంఖ్య మీద, వాటా మీద చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. అయితే పేరు మారినా కూలి ప్రయాణించే గొట్టాలు అవే. ఖర్చులో ఎక్కువ మోస్తున్న రాష్ట్రానికి ఇప్పుడు అడిగే హక్కు కూడా పెరిగింది. తిరుగుదారి గడువును నియమాల్లోనే రాయించమని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని అడగాలి.

అది జరిగే లోపు కొయ్యూరు చేయగల పని ఒకటి ఉంది. తిరస్కరించిన చెల్లింపుల జాబితా బహిరంగ సమాచారమే. అయిదో షెడ్యూలు ప్రాంతం కాబట్టి ఇక్కడ గ్రామసభకు, గిరిజన ప్రాంత గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం బలం ఉంది, సామాజిక తనిఖీ అలవాటూ ఉంది. ప్రతి పంచాయతీలో వచ్చే గ్రామసభకు ఆ జాబితా తెప్పించి, పేరు, మొత్తం, ఆగిన కారణం తెలుగులో చదివి వినిపించాలని ఎంపీడీవోను సర్పంచులు అడగాలి. చదివిన ప్రతి పేరు పక్కన దాన్ని దిద్దాల్సిన అధికారి హోదా, తేదీ తీర్మానంలో రాయించాలి. ఆ తీర్మానం ప్రతిని పాడేరులో ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, జిల్లా కలెక్టరుకు పంపాలి.